గుంటూరు నుంచి డాలస్: గాల్లో 20 గంటలు, గడప నుంచి గడపకు 36

అమెరికాలో పిల్లలున్న ఇంటికి ఎవరొచ్చినా మొదట అడిగేది ఒకటే: "ఎన్ని గంటల ప్రయాణమండీ?" గుంటూరులో ఈ ప్రశ్నకు వీధికో జవాబు దొరుకుతుంది. ఇరవై అనేవాళ్ళున్నారు, ముప్పై అనేవాళ్ళున్నారు, "రెండు రోజులనుకోండి" అనే పెద్దవాళ్ళున్నారు. అందరూ నిజమే చెబుతున్నారు. లెక్క ఎక్కడి నుంచి మొదలుపెట్టారన్నదే తేడా.

ఈ చలికాలం అమ్మను తీసుకుని డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉన్న తమ్ముడి ఇంటికి వెళ్ళొచ్చాను. వెళ్ళేటప్పుడు దుబాయ్ మీదుగా, తిరిగొచ్చేటప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా. అమ్మకు డెబ్బై దాటాయి. షుగరు, మోకాళ్ళ నొప్పులు. అలాంటి మనిషి చెయ్యి పట్టుకుని నడిస్తే ఏ విమానాశ్రయంలో ఎంత నడకుందో, ఎక్కడ కూర్చోడానికి చోటుందో, ఎక్కడ కాస్త అన్నం దొరుకుతుందో బాగా తెలుస్తుంది. మా బ్రాడీపేట నుంచి, విజయవాడ నుంచి ఇలా వెళ్ళే తల్లిదండ్రులు ఇప్పుడు ఇంటికొకరున్నారు. వాళ్ళకు టికెట్టు కొనే పిల్లలు చదవాలని ఇదంతా రాస్తున్నాను.

ముందు దూరం సంగతి. గన్నవరం నుంచి డాలస్ ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయానికి భూగోళం మీద దారం లాగి కొలిస్తే దాదాపు 14,500 కిలోమీటర్లు. గన్నవరం ఉన్నది 80.8 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, డాలస్ ఉన్నది 97 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద. రెండూ కలిపితే 178 డిగ్రీలకు కొంచెం తక్కువ, అంటే భూమికి దాదాపు అటువైపూ ఇటువైపూ. అందుకే ఆ దారం తూర్పుకూ పోదు, పడమరకూ పోదు. సూటిగా ఉత్తరం పడుతుంది. లక్నో పక్కగా హిమాలయాలెక్కి, టిబెట్ దాటి, సైబీరియా మీదుగా ఉత్తర ధ్రువానికి సుమారు 250 కిలోమీటర్ల దాపు నుంచి అటువైపు దిగి, కెనడాలో విన్నిపెగ్ చుట్టుపక్కల నుంచి ఓక్లహోమా మీదుగా డాలస్ చేరుతుంది. తమ్ముడు గ్లోబు మీద ఇది చూపిస్తే అమ్మ చాలాసేపు దాన్ని తిప్పి తిప్పి చూసింది.

గంటకు 900 కిలోమీటర్ల చొప్పున ఆ దూరం 16 గంటల పని. అంత దూరం ఎగిరే విమానాలు లేవా అంటే ఉన్నాయి. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్లు ఆగకుండా వెళ్ళే విమానం నడుస్తూనే ఉంది. మన హైదరాబాద్ నుంచి కూడా 2021 జనవరిలో ఎయిర్ ఇండియా చికాగోకు నేరుగా విమానం వేసింది, తరవాత ఆగిపోయింది. ధ్రువం దారిలో చిక్కులు వేరే ఉన్నాయి. టిబెట్ మీద విమానం లోపల గాలి ఒత్తిడి పడిపోతే 10,000 అడుగుల ఎత్తుకు దిగాలి, అక్కడేమో కొండలే అంతకన్నా ఎత్తు. ధ్రువం దగ్గర చలికి ఇంధనం గడ్డకట్టకుండా చూసుకోవాలి. ఇబ్బందొస్తే దిగడానికి ఊళ్ళుండవు. 2022 నుంచి అమెరికా, యూరప్ సంస్థల విమానాలకు రష్యా గగనతలమూ మూసే ఉంది. వీటన్నిటికీ మించి, రోజూ ఒక పెద్ద విమానం నింపేంతమంది ఒక్క డాలస్‌కే మన దగ్గర నుంచి ఉండాలి. కాబట్టి ఎక్కడో ఒకచోట దిగి మారక తప్పదు.

ఎక్కడ మారాలి? ఇక్కడే నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగింది. హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550 కిలోమీటర్లు, దుబాయ్ నుంచి డాలస్ 12,900. మొత్తం 15,450. ఫ్రాంక్‌ఫర్ట్ దారిలో 7,100, తరవాత 8,250. మొత్తం 15,350. లండన్ దారిలో 7,750, తరవాత 7,630. అదీ 15,380. దోహా అయితే 15,650. మ్యాపులో దుబాయ్ పక్కింట్లోనూ లండన్ ఎక్కడో చివరనా ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, డాలస్ దాకా మొత్తం కూడితే నాలుగు దారులూ 300 కిలోమీటర్ల తేడాలో ఉన్నాయి. విమానానికది ఇరవై నిమిషాల మాట. అందుకని "ఏ దారి దగ్గర" అన్న వెతుకులాట మానేయవచ్చు. దూరాన్ని ఎన్ని ముక్కలు చేస్తున్నారు, ఒక్కో ముక్క ఎంత పొడుగు, మధ్యలో మనిషి ఎక్కడ నడుం వాలుస్తుంది, ఇవి చూడాలి.

గుంటూరు వాళ్ళకు మొదటి ముక్క నేల మీదే ఉంటుంది. శంషాబాద్ దాకా 300 కిలోమీటర్లకు కాస్త తక్కువ. కారు మాట్లాడుకుంటే డ్రైవరు మొదట అడిగేది "అమ్మగారూ, విజయవాడ మీదుగా పోదామా, మిర్యాలగూడ మీదుగానా?" అని. మేము సత్తెనపల్లి, పిడుగురాళ్ళ, వాడపల్లి వంతెన, మిర్యాలగూడ, నల్గొండ దారిలో వెళ్ళాం. నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే కలిసి, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేస్తే హైదరాబాద్ ఊళ్ళోకి వెళ్ళే పనే లేదు. మధ్యలో ఒక్కసారి ఆగితే ఆరు గంటలు. ఈ దారిలో లారీలు ఎక్కువే అయినా, రోడ్డు బాగుంది. విజయవాడ వాళ్ళకు సూర్యాపేట దారి ఎటూ ఉంది, అక్కడ టిఫిన్లకు, బాత్రూములకు శుభ్రమైన హోటళ్ళు ఎక్కువ. పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు అది చిన్న విషయం కాదు.

గన్నవరం నుంచి శంషాబాద్‌కు గంట విమానం కూడా ఉంది. వినడానికి హాయిగానే ఉంటుంది, దిగినచోటే అంతర్జాతీయ విమానమూ ఎక్కొచ్చు, ఒకే టెర్మినల్. కానీ టికెట్టు విడిగా కొంటే దేశీయ విమానంలో సామానుకు సాధారణంగా 15 కిలోలే పరిమితి. మా అమెరికా టికెట్టు మీద మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు. మిగతా బరువుకంతా కిలోల లెక్కన డబ్బు కట్టాలి. మొదటి విమానం ఆలస్యమైతే రెండోదానికి పూచీ ఎవరూ పడరు. గన్నవరం నుంచి డాలస్ దాకా ఒకే టికెట్టుగా దొరికితే మాత్రం వదులుకోవద్దు: పెట్టెలు నేరుగా అమెరికాలోనే తీసుకుంటారు, మధ్యలో ఏ విమానం తప్పినా వాళ్ళే చూసుకుంటారు. గుంటూరులో ఆగే సికింద్రాబాద్ వందే భారత్ సుఖమైన రైలే. నాలుగు పెద్ద పెట్టెలతో దిగి, అక్కడి నుంచి శంషాబాద్ పోవాలంటే మాత్రం సాయానికి ఇద్దరు మగపిల్లలుండాలి.

రాత్రి విమానానికి పొద్దున ఇంట్లో బయల్దేరి, అదే ఊపున ఎక్కేయడం చాలామంది చేసే పని. పెద్దవాళ్ళ విషయంలో నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆరు గంటలు కారులో మడిచిన కాళ్ళను మళ్ళీ ఇరవై గంటలు మడవమనడం న్యాయం కాదు. ముందురోజే వెళ్ళి ఒక రాత్రి పడుకోవాలి. వనస్థలిపురంలోనో, కొత్తపేటలోనో బంధువులు లేని గుంటూరు ఇల్లు తక్కువ. మేము పిన్ని వాళ్ళింట్లో దిగాం. అక్కడి నుంచి శంషాబాద్ గంట లోపు. ఎవరూ లేకపోతే విమానాశ్రయం ఆవరణ దగ్గరే నోవోటెల్ ఉంది, ఖరీదైనదే కానీ పొద్దున్నే పరుగు ఉండదు. శంషాబాద్ ఊళ్ళో లాడ్జీలు చాలా ఉన్నాయి. తిరిగొచ్చిన రాత్రి మేము దిగింది అలాంటి దాంట్లోనే. బుకింగులో విమానాశ్రయం నుంచి కారు ఉచితం అని రాశారు. అర్ధరాత్రి దాటాక ఫోన్ చేస్తే "రాత్రి పూట లేదు మేడమ్, ట్యాక్సీ మాట్లాడుకోండి" అన్నారు. గది రెండో అంతస్తులో, లిఫ్టు లేదు. అమ్మ మెట్టు మెట్టుకూ ఆగి ఎక్కింది. లాడ్జి తీసుకునేవాళ్ళు రేటు కన్నా ముందు ఫోన్ చేసి రెండే అడగండి: లిఫ్టుందా, అర్ధరాత్రి బండి పంపుతారా.

వీల్‌చైర్ గురించి మొహమాటం వద్దు. టికెట్టు కొన్నప్పుడే పెట్టించాలి, దానికి అదనంగా ఏమీ తీసుకోరు. శంషాబాద్‌లో కౌంటరు దగ్గర నుంచే ఒక అబ్బాయి వచ్చి అమ్మను కూర్చోబెట్టుకున్నాడు. ఇమిగ్రేషన్, సెక్యూరిటీ అన్నిచోట్లా వేరే వరస. "నడవగలను కదా, నలుగురూ ఏమనుకుంటారు" అని అమ్మ మొదట ఒప్పుకోలేదు. గేటు ఎంత దూరమో చూశాక ఇంక ఆ మాట అనలేదు. ఒక్కటి గుర్తుంచుకోవాలి: వీల్‌చైర్ వాళ్ళను విమానంలోంచి చివర్న దింపుతారు. అందుకని మారే చోట కనీసం మూడు గంటలు ఉండేలా టికెట్టు చూసుకోవాలి. గంటన్నర వ్యవధి ఉన్న టికెట్టు ఎంత చవకైనా పెద్దవాళ్ళకు కొనకండి.

దుబాయ్ దాకా నాలుగు గంటలు. అది ప్రయాణంలా అనిపించదు, భోజనం పెట్టి పళ్ళేలు తీసేసరికే దిగుతుంది. దుబాయ్‌లో మూడో టెర్మినల్ చాలా పెద్దది, ఒక భాగం నుంచి ఇంకో భాగానికి రైలు ఉంది. అక్కడ నాకు నచ్చింది మనుషులు. వీల్‌చైర్ నడిపిన అబ్బాయి కేరళవాడు, కాఫీ కొట్టు దగ్గర పిల్ల నేపాలీ, సెక్యూరిటీ దగ్గర హిందీ వచ్చినవాళ్ళున్నారు. అమ్మకు హిందీ అంతంత మాత్రమే, అయినా మొహాలు మనవాళ్ళవైతే ధైర్యం వేరు. మధ్యలో ఆరేడు గంటలుంటే బయటికి వెళ్ళకుండానే లోపలే దుబాయ్ ఇంటర్నేషనల్ హోటల్లో గది తీసుకోవచ్చు. గంటల లెక్కన చిన్న పడక గదులిచ్చే చోట్లూ ఉన్నాయి. మాకు నాలుగున్నర గంటలే కాబట్టి అవసరం పడలేదు. వాలు కుర్చీల్లో అమ్మ కునుకు తీసింది. అమెరికా విమానానికి గేటు దగ్గర మళ్ళీ ఒక తనిఖీ ఉంటుంది, కాబట్టి చివరి నిమిషం దాకా ఎక్కడో కూర్చోకూడదు.

దుబాయ్ మీదుగా వెళ్ళేవాళ్ళు సామాను విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. మన వంటింట్లో ఉండే గసగసాలు యూఏఈలో నిషేధం. మారే ప్రయాణికులైనా సరే, పెట్టెలో పెట్టొద్దు. నొప్పులకు వాడే ట్రమడాల్, దగ్గు మందుల్లో ఉండే కోడీన్ లాంటివాటి మీదా అక్కడ గట్టి నియంత్రణ ఉంది. మోకాళ్ళ నొప్పికి డాక్టరు ఏ మాత్ర రాశారో ముందే చూపించుకుని, వేరే మాత్ర అడిగి, మందుల చీటీ చేతి సంచిలో పెట్టుకోవాలి. చేతి సంచిలో పులిహోర, చపాతీలు ఏ ఇబ్బందీ లేకుండా వెళ్ళాయి. పెరుగూ పచ్చడీ మాత్రం ద్రవాల కింద లెక్క, 100 మిల్లీలీటర్లు దాటితే తీసి పడేస్తారు. గోంగూర, మాగాయ పెద్ద పెట్టెలోకే. కోడి పచ్చడి, మటన్ పచ్చడి, పచ్చి కరివేపాకు అమెరికాలోకి రానివ్వరు. మిగతా తినే వస్తువులన్నీ ఉన్నాయని అడిగినప్పుడు చెప్పేస్తే చాలు. చెప్పకుండా దొరికితేనే జరిమానా.

ఇక ఆ పదహారు గంటలు. దీన్ని తేలిక చేసి చెప్పలేను. మొదటి ఆరు గంటలు భోజనం, నిద్రలో గడిచాయి. తొమ్మిదో గంట నుంచి అమ్మ కాళ్ళు బరువెక్కాయి. పన్నెండో గంటకు పాదాలు చెప్పుల్లో పట్టలేదు. గంటకోసారి లేపి వెనక వంటగది దాకా నడిపించాను, కూర్చున్నచోటే మడమలెత్తించాను. నడవ పక్క సీటు ముందే ఎంచుకోవడం వల్ల ఇదంతా కుదిరింది, కిటికీ పక్కనైతే ప్రతిసారీ ఇద్దర్ని లేపాలి. డాక్టరు చెప్పిన బిగుతు మేజోళ్ళు రెండో విమానం ఎక్కేముందే వేయించాల్సినవి, ఎందుకంటే వాపు వచ్చాక అవి ఎక్కవు. షుగరున్నవాళ్ళకు డయాబెటిక్ మీల్ అని కనీసం 24 గంటల ముందు చెప్పి పెట్టించుకోవచ్చు. అన్నం, పప్పు కావాలనుకునేవాళ్ళకు ఏషియన్ వెజిటేరియన్ మీల్ మేలు, అందరికన్నా ముందే తెచ్చిపెడతారు కూడా.

డాలస్ విమానాశ్రయం 1974లో తెరిచినది. న్యూయార్క్‌లోని మాన్‌హట్టన్ దీవి కన్నా దాని ఆవరణ పెద్దది. అంతర్జాతీయ విమానాలు డి టెర్మినల్‌కు వస్తాయి. ఇమిగ్రేషన్‌లో ఎవరింటికి, ఎన్నాళ్ళు అని రెండు ముక్కలు అడిగి పంపేశారు. తమ్ముడి అడ్రసు, ఫోన్ నంబరు, తిరుగు టికెట్టు కాగితం మీద అచ్చు తీయించి అమ్మ చేతికే ఇచ్చాను, ఫోన్‌లో చూపిస్తే అక్కడ ఇష్టపడరు. బయటికి రావడానికి గంటన్నర పట్టింది. ఫ్రిస్కో అరగంట. గుంటూరులో కారెక్కిన దగ్గర నుంచి, పిన్ని ఇంట్లో పడుకున్న రాత్రి తీసేసి లెక్కేస్తే 36 గంటలు. అందులో గాల్లో ఉన్నవి 20. మిగతా పదహారూ రోడ్డు మీద, వరసల్లో, కుర్చీల్లో గడిచాయి.

ఫ్రిస్కో గురించి ఎక్కువ చెప్పను. కార్యసిద్ధి హనుమాన్ గుడి, మన కూరగాయల కొట్లు, సాయంత్రం పార్కులో తెలుగులో మాట్లాడుకునే తాతయ్యలు, అమ్మమ్మలు. అమ్మకు ఊరు కొత్త అనిపించలేదు. నిద్రే కుదరలేదు. చలికాలంలో డాలస్ మనకన్నా 11 గంటల 30 నిమిషాలు వెనక, అంటే పగలు పూర్తిగా రాత్రయింది. మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకు జరిపాక తేడా పదిన్నర గంటలవుతుంది. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు ఈ మార్పుకు మోతాదు ఎప్పుడెప్పుడన్నది బయల్దేరే ముందే డాక్టరుతో రాయించుకోవాలి.

తిరుగు ప్రయాణం ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా. అక్కడి నుంచి హైదరాబాద్‌కు లుఫ్తాన్సా 2024 జనవరిలో విమానం మొదలుపెట్టింది. డాలస్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ తొమ్మిదిన్నర గంటలు, అక్కడి నుంచి హైదరాబాద్ ఎనిమిదిన్నర. తూర్పుకు వచ్చేటప్పుడు పైన వీచే పడమటి గాలి వెనక నుంచి నెడుతుంది, అందుకే ఏ దారిలోనైనా రాక పోక కన్నా గంటో, ఆ పైనో తక్కువ. మధ్యలో నాలుగు గంటలు. ఈసారి అమ్మ కాళ్ళు వాయలేదు. తొమ్మిది గంటలు కూర్చుని, నాలుగు గంటలు నడిచి, కాళ్ళు చాపి, మళ్ళీ ఎనిమిది గంటలు కూర్చోవడం ఒంటికి ఎంతో తేలిక. ఒక్క దెబ్బన పదహారు గంటల కన్నా ఇదే మంచిదని దిగిన రోజే అమ్మ తేల్చి చెప్పింది.

లోటు లేకపోలేదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో శాకాహారం అంటే రొట్టె, జున్ను, పండ్లు. అమ్మ తిన్నది తమ్ముడి భార్య కట్టిచ్చిన చపాతీలే. నడకలు పొడుగు, వీల్‌చైర్ లేకుండా పెద్దవాళ్ళు వెళ్ళకూడదు. మనవాళ్ళ మొహాలు తక్కువ, మాట ఇంగ్లీషులోనే. యూరప్‌లో విమానం మారడానికి మన పాస్‌పోర్టుకు ట్రాన్సిట్ వీసా నియమాలు దేశానికొకటి. చెల్లుబాటయ్యే అమెరికా వీసా చేతిలో ఉంటే జర్మనీ, బ్రిటన్ రెండూ విమానాశ్రయం దాటనివాళ్ళకు మినహాయింపు ఇస్తున్నాయి. అయినా టికెట్టు కొనేరోజు మళ్ళీ చూసుకోవాలి. ధర కూడా మాకు దుబాయ్ దారి కన్నా కొంచెం ఎక్కువే పడింది.

అందుకని నా మాట ఇది. వెంట పిల్లలో, కోడలో ఉండి, కాళ్ళ నొప్పులున్న మనిషైతే ఫ్రాంక్‌ఫర్ట్, లండన్ లాంటి సగం సగం దారి. ఒంటరిగా వెళ్ళే తల్లికి, ఇంగ్లీషు రాని తండ్రికి దుబాయ్ లేదా దోహా. పదహారు గంటలు కష్టమే, అయినా దారి తప్పితే అడగడానికి ఒక మనిషి దొరకడం వాళ్ళకు అంతకన్నా ముఖ్యం. చికాగో, న్యూయార్క్, వాషింగ్టన్ వెళ్ళేవాళ్ళకు అబుదాబి దారి కూడా చూడమంటాను. అమెరికా ఇమిగ్రేషన్ 2014 నుంచి అక్కడే జరుగుతోంది. అన్నీ అక్కడే అయిపోతాయి, అమెరికాలో దిగాక పెట్టెలు తీసుకుని బయటికి రావడమే. ఢిల్లీ మీదుగా మన ఎయిర్ ఇండియాలో వెళ్ళాలని చాలామందికి ఉంటుంది. డాలస్‌కు దాని విమానం లేదు, చికాగో లాంటి చోట దిగి పెట్టెలు తీసుకుని మళ్ళీ వేసి, ఇంకో విమానం ఎక్కాలి. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ గగనతలం మన విమానాలకు మూసేశాక, అమెరికా విమానాలు కొన్ని చుట్టుదారిలో పోయి, నూనె పోయించుకోడానికి యూరప్‌లో ఆగాల్సి వచ్చింది. కొనేముందు ఆ వారం పరిస్థితి చూసుకోండి.

ఇంకొక్కటి, తేదీల సంగతి. సంక్రాంతికి ముందు మూడు నాలుగు రోజులు హైదరాబాద్ నుంచి మనవైపు వచ్చే రోడ్డు పంతంగి టోల్ దగ్గర గంటల కొద్దీ నిలిచిపోతుంది. పండగ దాటాక అదే రద్దీ అటువైపు. ఆ రోజుల్లో శంషాబాద్‌లో దిగే టికెట్టు తీసుకుంటే, డాలస్ నుంచి పదిహేను వేల కిలోమీటర్లు దాటొచ్చిన మనిషి చౌటుప్పల్ దగ్గర కారులో కూర్చుని ఎదురుచూడాలి. మా పెదనాన్న గారమ్మాయి వచ్చే జనవరిలో వాళ్ళ అత్తగారిని తీసుకొస్తోంది. నేను ఆవిడకు పండగ తరవాత వారం ఆగి, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా, హైదరాబాద్‌లో ఒక రాత్రి ఉండేలా టికెట్టు చూడమని చెప్పాను. లిఫ్టున్న హోటలు పేరు కూడా ఇచ్చాను.